గడ్డిమోపు, గుప్పెడు మట్టి: రెండు మందుల చరిత్ర

మందుల చరిత్రలో 1948 ఒక చిత్రమైన సంవత్సరం. ఆ ఏడాది అమెరికాలో రెండు కొత్త పదార్థాలు అంగడికెక్కాయి. ఒకటి ఎలుకల మందు, రెండవది సూక్ష్మజీవులను సంహరించే మందు. మొదటిది బూజుపట్టిన పశువుల మేతలోనుంచి పుట్టింది, రెండవది గుప్పెడు పొలం మట్టిలోనుంచి. మొదటిదాని పేరు వార్ఫరిన్. రెండవదాని పేరు ఆరియోమైసిన్. ఈ రెండవదాన్ని వెలికితీసిన పరిశోధనాలయానికి అప్పటి అధిపతి భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు.

ఎలుకల మందు కాలక్రమాన మనిషి మందయింది. నెత్తురు గడ్డకట్టకుండా కాపాడే మాత్రగా కోట్లమంది మింగారు. ఆరియోమైసిన్ టెట్రాసైక్లిన్ కుటుంబానికి మూలపురుషుడయింది. విడివిడిగా చూస్తే రెండూ ప్రాణదాతలే. ఒకే దేహంలో కలిసినప్పుడు మాత్రం ఒకదాని బలాన్ని మరొకటి అమాంతం పెంచి, ప్రాణం మీదికి తెచ్చిన సందర్భాలు ఉన్నాయి. ఈ వైరం ఎలా బయటపడిందో, మా నర్సీపట్నం వంటి ఊళ్ళకు అది ఎందుకు ముఖ్యమో చెప్పాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం. నేను వైద్యుణ్ణి కాను. చరిత్ర మీద మక్కువతో చదివి తెలుసుకున్నవాణ్ణి మాత్రమే.

* * *

కథ గడ్డితో మొదలవుతుంది. స్వీట్ క్లోవర్ అనేది మన పిల్లిపెసర వంటి పశుగ్రాసపు మొక్క. చవుడు నేలల్లో కూడా పెరుగుతుంది కనుక ఇరవయ్యో శతాబ్దపు తొలి దశకాల్లో కెనడా, ఉత్తర అమెరికా రైతులు దీన్ని విరివిగా సాగుచేశారు. 1920ల ఆరంభంలో అక్కడి పశువులకు ఒక వింత వ్యాధి వచ్చింది. కొమ్ములు కోసినా, చిన్న గాయం తగిలినా నెత్తురు ఆగేది కాదు. ఏ గాయమూ లేకుండానే లోలోపల నెత్తురు కారి చచ్చిపోయిన పశువులూ ఉన్నాయి. కెనడాలో పశువైద్యుడు ఫ్రాంక్ స్కోఫీల్డ్ పరీక్షించి, దోషం మొక్కది కాదని, తడిసి బూజుపట్టిన మేతదని తేల్చాడు. మంచి మేత తిన్న పశువులు నిక్షేపంగా ఉన్నాయి. వానకు తడిసిన వామిలోనుంచి పీకి వేసిన గడ్డి తిన్నవే చచ్చాయి. తరువాత నార్త్ డకోటాలో రోడరిక్ అనే మరో పశువైద్యుడు, ఈ పశువుల నెత్తుట్లో ప్రోత్రాంబిన్ అనే స్కందన పదార్థం పనికిరాకుండా పోతున్నదని గుర్తించాడు.

1933 ఫిబ్రవరిలో ఒక శనివారం విస్కాన్సిన్ రాష్ట్రానికి చెందిన ఎడ్ కార్ల్‌సన్ అనే రైతు, భీకరమైన మంచు తుపానులో దాదాపు 190 మైళ్ళు ప్రయాణం చేసి మాడిసన్ నగరం చేరుకున్నాడు. అతని బండిలో ఒక చచ్చిన పెయ్య, పాలక్యాను నిండా గడ్డకట్టని నెత్తురు, సుమారు వంద పౌన్ల పాడైన మేత ఉన్నాయి. ప్రభుత్వ పశువైద్యుని కార్యాలయం మూసివుంది. తలుపు తెరిచివున్న మరొక భవనంలోకి వెళితే, అది విశ్వవిద్యాలయంలోని జీవరసాయన శాఖ. అక్కడున్నవాడు కార్ల్ పాల్ లింక్. రైతుకు ఆనాడు లింక్ చేయగలిగింది పెద్దగా ఏమీ లేదు. బూజుపట్టిన మేత వేయవద్దని చెప్పి పంపించాడు. కానీ ఆ నెత్తుటి క్యాను, ఆ గడ్డిమోపు అతని ప్రయోగశాలలోనే ఉండిపోయాయి.

గడ్డిలోని విషాన్ని పట్టుకోవడానికి ఆరేళ్ళు పట్టింది. 1939లో లింక్ శిష్యుడు హెరాల్డ్ కాంప్‌బెల్ దాన్ని స్ఫటికాల రూపంలో వేరుచేశాడు. మరుసటి ఏడాది దాని నిర్మాణం తేలింది. కోసిన పచ్చగడ్డికి కమ్మని వాసననిచ్చే కౌమరిన్ అనే పదార్థాన్ని బూజు మార్చివేస్తే పుట్టిన విషమది. డైకౌమరాల్ అని పేరు పెట్టారు. దాన్ని పోలిన పదార్థాలను లింక్ బృందం వరసపెట్టి తయారుచేసి, 42వ సంఖ్య గలదాన్ని ఎలుకల నిర్మూలనకు ఎంచుకుంది. ఆ పరిశోధనకు డబ్బిచ్చిన విస్కాన్సిన్ పూర్వవిద్యార్థుల పరిశోధన సంస్థ పేరులోని పొడి అక్షరాలతో దానికి వార్ఫరిన్ అని నామకరణం చేశారు. ఈనాడు మన వరిచేలల్లో ఎలుకలకు పెట్టే బ్రోమాడయలోన్ ఎర కూడా ఈ వంశంలోని తరువాతి తరమే.

ఎలుకను చంపేది మనిషికి మందెలా అయింది? 1951లో అమెరికా సైన్యంలో కొత్తగా చేరిన ఒక యువకుడు చనిపోవాలని కొన్నాళ్ళపాటు ఈ ఎలుకల మందు తిన్నాడు. ఆసుపత్రిలో విటమిన్ కె ఇచ్చి, నెత్తురు ఎక్కిస్తే పూర్తిగా కోలుకున్నాడు. విషానికి విరుగుడు ఉందని, కొలతలో పెట్టుకుంటే మందుగా వాడవచ్చని వైద్యులకు ధైర్యం కలిగింది. 1954లో మనుషులకు వాడడానికి అనుమతి లభించింది. మరుసటి ఏడాది గుండెపోటు వచ్చిన అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కు ఈ మందు ఇచ్చిన తరువాత జనంలో దాని మీది జంకు తగ్గింది.

* * *

ఇక్కడ విటమిన్ కె గురించి నాలుగు మాటలు చెప్పకపోతే తరువాతి కథ అర్థంకాదు. డెన్మార్కులో హెన్రిక్ డామ్ 1929లో కోడిపిల్లలకు కొవ్వులేని మేత పెట్టి ప్రయోగాలు చేస్తుండగా, వాటి చర్మం కింద నెత్తురు చిమ్మడం చూశాడు. తెలిసిన విటమిన్లేవీ ఆ జబ్బును నయం చేయలేదు. స్కందనానికి అవసరమైన ఈ కొత్త విటమిన్‌కు తమ భాషలో గడ్డకట్టడం అనే మాటలోని మొదటి అక్షరంతో 1935లో కె అని పేరుపెట్టాడు. అమెరికాలో ఎడ్వర్డ్ డాయిజీ దాని రెండు రూపాలను విడదీశాడు. ఒకటి ఆల్ఫాల్ఫా అనే పచ్చిమేతలో దొరికింది. రెండవది కుళ్ళిన చేపల పొడిలో దొరికింది. అంటే రెండవదాన్ని తయారుచేసేవి బాక్టీరియాలు. డామ్, డాయిజీలకు 1943 సంవత్సరపు నోబెల్ బహుమతి వచ్చింది. ఒక పశువుల మేతలో నెత్తురు గడ్డకట్టించే విటమిన్, మరొక పశువుల మేతలో దాన్ని అడ్డుకునే విషం దొరకడం ఈ చరిత్రలోని చమత్కారం.

మన కాలేయం స్కందన పదార్థాలను తయారుచేసేటప్పుడు విటమిన్ కె ఒక పనిముట్టులా పనికివస్తుంది. వాడిన ప్రతిసారీ దాని పదును పోతుంది. ఒక ఎంజైము దానికి మళ్ళీ సానపడుతుంది. వార్ఫరిన్ ఆ సానరాయిని ఆపివేస్తుంది. ఈ సంగతి 1978లో విస్కాన్సిన్ పరిశోధకులే తేల్చారు. అదే ఏడాది నవంబరులో లింక్ కన్నుమూశాడు.

* * *

ఇక మట్టి కథ. యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలో జన్మించాడు. మద్రాసులో వైద్యం చదివి, హార్వర్డ్‌కు వెళ్ళి, 1940లో లెడర్లే ప్రయోగశాలలో చేరి అక్కడి పరిశోధనలకు నాయకుడయ్యాడు. అన్నదమ్ములను పొట్టనబెట్టుకున్న స్ప్రూ వ్యాధి అతన్ని ఫోలిక్ ఆమ్లం దాకా నడిపించింది. మన కోస్తాను పీడించిన బోదకాలుకు ఈనాటికీ వాడే డైఇథైల్ కార్బమజైన్ కూడా అతని బృందం ఇచ్చినదే.

పెన్సిలిన్, స్ట్రెప్టోమైసిన్‌లు లొంగదీయలేని సూక్ష్మజీవులను లొంగదీసే మందు కోసం లెడర్లే వేట మొదలుపెట్టినప్పుడు, ఆ పని బెంజమిన్ డగ్గర్ అనే వృద్ధ వృక్షశాస్త్రవేత్త చేతికి వచ్చింది. అతడు డెబ్బై దాటిన విశ్రాంత ఆచార్యుడు. రిటైరయింది ఎక్కడనుంచో గమనించండి: విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం. లింక్ గడ్డి విషాన్ని వెతుకుతున్న ఏళ్ళలోనే, అదే విశ్వవిద్యాలయంలో డగ్గర్ మొక్కల శాస్త్రం బోధిస్తున్నాడు. అతడు నలుమూలలనుంచి తెప్పించుకున్న మట్టి నమూనాల్లో మిసోరి విశ్వవిద్యాలయపు వ్యవసాయ క్షేత్రంలోని ఒక పచ్చికమడి మట్టి ఉంది. అందులోనుంచి బంగారు రంగు బూజులాంటి సూక్ష్మజీవి బయటపడింది. బంగారాన్ని సూచించే లాటిన్ మాటతో దాని మందుకు ఆరియోమైసిన్ అని పేరుపెట్టారు. 1948 జులైలో న్యూయార్కులో దాని ఫలితాలు ప్రకటించారు. ఆగస్టు మొదటి పక్షంలోనే సుబ్బారావు నిద్రలో కన్నుమూశాడు. తన సంస్థ ఇచ్చిన మందు లోకానికి ఎంత మేలు చేసిందో చూడడానికి ఆయన మిగలలేదు.

* * *

ఈ రెండు వంశాల మధ్య వైరాన్ని మొట్టమొదట పసిగట్టినవి ఎలుకలు. 1942లో విస్కాన్సిన్‌లోనే, లింక్ కూడా పాలుపంచుకున్న ఒక ప్రయోగంలో, ఎలుకలకు సల్ఫాగ్వానిడిన్ అనే సల్ఫా మందు పెట్టారు. అది పేగుల్లోనే ఎక్కువగా ఉండిపోయి అక్కడి బాక్టీరియాలను అణిచేది. ఆ ఎలుకల నెత్తుట్లో ప్రోత్రాంబిన్ పడిపోయింది. విటమిన్ కె ఇస్తే తిరిగి పెరిగింది. పేగుల్లోని సూక్ష్మజీవులు మనకు విటమిన్ కె వండిపెడుతున్నాయని, వాటిని చంపితే ఆ వంట ఆగిపోతుందని, అందువల్ల నెత్తురు పలచబడుతుందని సిద్ధాంతం ఏర్పడింది.

సిద్ధాంతం ముచ్చటగా ఉంది. కానీ అనుభవం దానికి పూర్తిగా లొంగలేదు. మామూలుగా అన్నం తింటున్న మనిషికి యాంటీబయాటిక్ ఒక్కటే ఇస్తే నెత్తురు కారడం అరుదు. తిండి మానేసినవాడికి యాంటీబయాటిక్ ఇస్తే ప్రోత్రాంబిన్ పడిపోతుంది. అంటే మనకు ప్రధానాధారం ఆకుకూరల్లో దొరికే విటమిన్ కె. పేగుల్లోని వంట చేదోడు మాత్రమే. పైగా కొన్ని యాంటీబయాటిక్‌లు వార్ఫరిన్‌తో ఘోరంగా తలపడుతుండగా, పేగు బాక్టీరియాను అంతే చంపే మరికొన్ని ఊరుకుంటున్నాయి. మరో కారణం ఉండాలి.

ఆ కారణాన్ని 1970లలో ఓరైలీ అనే అమెరికా వైద్యుని ప్రయోగాలు బయటపెట్టాయి. వార్ఫరిన్ మాత్రలో రెండు రకాల అణువులు సమపాళ్ళలో ఉంటాయి. ఎడమచెయ్యి, కుడిచెయ్యి వలె ఒకదానికొకటి అద్దంలో ప్రతిబింబాలు. ఎడమది కుడిదానికంటే అనేక రెట్లు బలమైనది. 1976లో ఓరైలీ, మెట్రోనిడజోల్ అనే మందు ఆ ఎడమ అణువును దేహంనుంచి పోనీయకుండా ఆపుతున్నదని, కుడిదాని జోలికి పోవడం లేదని చూపించాడు. మెట్రోనిడజోల్ అంటే ఎవరో కాదు, జిగటవిరేచనాలకు మనవాళ్ళు చిన్నప్పటినుంచీ మింగుతున్న పసుపుపచ్చ మాత్ర. సల్ఫామెథాక్సజోల్, ట్రైమెథోప్రిమ్ కలిసిన మాత్ర కూడా ఇదే పని చేస్తుంది. ఎడమ అణువును కాలేయంలో విరిచివేసే ఎంజైముకు తరువాతి కాలంలో సి.వై.పి. 2సి9 అని పేరు వచ్చింది. ఈ మందులు ఆ ఎంజైము చేతులు కట్టివేస్తాయి. అప్పుడు రోగి రోజూ వేసుకునే మాత్రే రెండు మూడు మాత్రలంత పని చేయవచ్చు. 1980లలో వచ్చిన కొన్ని సెఫలోస్పోరిన్‌లు మరీ తెలివైనవి. అవి వార్ఫరిన్ మాదిరిగానే నేరుగా ఆ సానరాయినే ఆపివేస్తాయి.

ఇందుకు తలకిందులైన ఉదాహరణ క్షయ మందు రిఫాంపిసిన్. దాని మాతృక 1957లో ఫ్రాన్సు సముద్రతీరపు మట్టిలో దొరికింది. ఇటలీలో మిలాన్ పరిశోధకులు రిఫిఫి అనే దొంగల సినిమా పేరు మీద సరదాగా పేరుపెట్టారు. ఇది కాలేయంలోని ఎంజైములను ఉసిగొలిపి, వార్ఫరిన్‌ను పని చేయకముందే విరిచివేయిస్తుంది. 1974లో ఓరైలీ దీన్నీ రుజువు చేశాడు. క్షయకు మందు వాడే ఆరేడు నెలలు రోగికి పలచబరిచే మందు మోతాదు రెట్టింపో, అంతకు మించో పెంచవలసి రావచ్చు. అసలు ఆపద క్షయ నయమైన రోజున మొదలవుతుంది. రిఫాంపిసిన్ ఆగిపోతుంది. ఉసిగొల్పేవాడు పోయాక ఎంజైములు కొన్ని వారాల్లో చల్లబడతాయి. పెంచిన మోతాదు అలాగే ఉంటే నెత్తురు నీళ్ళవుతుంది. జబ్బు తగ్గిందన్న సంతోషంలో ఉన్న ఇంట్లో ఈ సంగతి ఎవరికి గుర్తుంటుంది?

* * *

ఇదంతా నర్సీపట్నానికి ఏమిటి అనవచ్చు. మా ఊరు మన్యానికి వాకిలి. చింతపల్లి, కొయ్యూరు, గూడెం కొత్తవీధి కొండలనుంచి దిగివచ్చేవారికి ఇదే మొదటి పెద్ద బజారు, మొదటి పెద్ద వైద్యం. 2022లో కొండలు అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి, మేము అనకాపల్లి జిల్లాలోకి వెళ్ళినా ఈ దారి మారలేదు. విశాఖపట్నం ఎనభై కిలోమీటర్ల పైచిలుకు దూరం. గుండెకు శస్త్రచికిత్స కావాలంటే అక్కడికే పోవాలి.

మన ప్రాంతాల్లో నెత్తురు పలచబరిచే మందు వాడేవారిలో పడుచువారు, ముఖ్యంగా ఆడవాళ్ళు, చాలామంది ఉంటారు. కారణం కీళ్ళవాతజ్వరం. ఐదు నుంచి పదిహేనేళ్ళ పిల్లలకు ఒక రకం స్ట్రెప్టోకాకస్ వల్ల గొంతునొప్పి వస్తుంది. దాన్ని సకాలంలో పెన్సిలిన్‌తో అణచకపోతే, కొందరిలో దేహం సూక్ష్మజీవి మీద ఎత్తిన కత్తి తన గుండె కవాటాల మీదే పడుతుంది. ఇరుకిళ్ళు, జనసమ్మర్దం, దూరపు ఆసుపత్రులు ఉన్నచోట ఈ జబ్బు నిలిచివుంటుంది. ఏళ్ళు గడిచాక కవాటం బిగుసుకుపోతుంది. కృత్రిమ కవాటం అమర్చవలసి వస్తుంది. తిరువనంతపురంలోని శ్రీచిత్ర సంస్థ తయారుచేసిన స్వదేశీ కవాటాన్ని 1990 డిసెంబరులో మొదటిసారి మనిషికి అమర్చారు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ వల్ల మన రాష్ట్రంలో నిరుపేదలకు కూడా ఈ శస్త్రచికిత్స అందుబాటులోకి వచ్చింది. లోహపు కవాటం మీద నెత్తురు గడ్డకట్టకుండా జీవితాంతం మాత్ర వేసుకోవాలి. మన దేశంలో వార్ఫరిన్‌తో పాటు దాని దాయాది అసెనోకౌమరాల్‌ను కూడా విరివిగా ఇస్తారు. యాంటీబయాటిక్‌లతో దాని తగవులూ దాదాపు ఇవే.

ఇందులోని విషాదం చూడండి. చిన్ననాడు గొంతునొప్పికి అందవలసిన యాంటీబయాటిక్ అందలేదు. అందువల్ల గుండె చెడింది. అందువల్ల పలచబరిచే మాత్ర తప్పనిసరి అయింది. అందువల్ల ఇక జీవితంలో ఏ యాంటీబయాటిక్ వేసుకోవాలన్నా భయమే. అందవలసినప్పుడు అందని మందు, తరువాత అక్కరలేనంత తేలికగా అందుతున్నది.

అవును, తేలికగానే. మా వీధిలో కవాటం మార్పించుకున్న ఒకావిడ ఉన్నారు. ఆ మాత్రను ఆవిడ గుండె మాత్ర అంటారే తప్ప నెత్తురు మాత్ర అనరు. జ్వరానికి మందు తెచ్చుకునేటప్పుడు గుండె సంగతి ఎందుకు చెప్పాలి అనే ప్రశ్న ఆవిడది. ఆ ప్రశ్నలో తప్పేమీ లేదు. ఆ మాత్ర చేసే పనేమిటో ఆవిడకు అర్థమయ్యేలా ఎవరూ చెప్పలేదు. చీటీ లేకుండా యాంటీబయాటిక్‌లు అమ్మడాన్ని కట్టడి చేయడానికి కేంద్రప్రభుత్వం 2013లో హెచ్1 అనే జాబితాను తెచ్చింది. 2014 మార్చినుంచి అది అమలులోకి వచ్చింది. అయితే ఆ జాబితాలో కొన్ని మందులే ఉన్నాయి, అన్నీ లేవు.

మన పథ్యం దీనికి తోడవుతుంది. జ్వరం వస్తే మనం మొట్టమొదట మానేది ఆకుకూర. తోటకూర, గోంగూర, మునగాకు అన్నీ బంద్. జావ, చారన్నం, బ్రెడ్డుముక్క మిగులుతాయి. విటమిన్ కె రాక ఆగిపోతుంది. పేగుల్లో దాన్ని వండే బాక్టీరియాను యాంటీబయాటిక్ చంపుతుంది. కాలేయంలో మందును విరిచే ఎంజైమును అదే యాంటీబయాటిక్ కట్టివేస్తుంది. జ్వరం తనవంతుగా స్కందన పదార్థాలను త్వరగా ఖర్చుచేస్తుంది. నాలుగు దారులూ ఒకే గుంతలోకి. ప్రయోగశాలలో ఒక్కొక్కటిగా కనిపెట్టడానికి నలభై ఏళ్ళు పట్టిన సంగతులన్నీ మన ఇంట్లో ఒకే వారంలో జరిగిపోతాయి.

* * *

కొత్త మందులు వచ్చాయి కదా, ఈ బెడద తీరలేదా? 2010 తరువాత డాబిగాట్రాన్, రివరాక్సబాన్ వంటివి వచ్చిన మాట నిజమే. వాటికి ఆకుకూరలతో పేచీ లేదు, తరచు రక్తపరీక్ష అక్కరలేదు. కానీ లోహపు కవాటాల మీద డాబిగాట్రాన్‌ను పరీక్షించినప్పుడు గడ్డలూ, రక్తస్రావమూ కూడా ఎక్కువై 2012లో ఆ పరీక్షను మధ్యలోనే ఆపవలసి వచ్చింది. కీళ్ళవాతజ్వరం వల్ల గుండె చెడి లయ తప్పినవారిలో రివరాక్సబాన్‌ను పాత మందుతో పోల్చిన ఇన్విక్టస్ అనే పెద్ద అధ్యయనం 2022లో వెలువడింది. పాత మందే మేలని, దానితోనే మరణాలు తక్కువని తేలింది. కనుక ధనికదేశాలు క్రమంగా వదులుకుంటున్న ఆ గడ్డివామి మందు మన కొండదారుల్లో ఇంకా చాలాకాలం ఉంటుంది. దానితో పాటు దాని పాత వైరమూ ఉంటుంది.

అయితే ఈ వైరానికి వెరచి రెండింటిలో ఏదో ఒకటి మానడం మరీ ప్రమాదం. పలచబరిచే మాత్ర సొంతంగా ఆపితే కవాటం మీద గడ్డ ఏర్పడి పక్షవాతం రావచ్చు. అవసరమైన యాంటీబయాటిక్ మానితే కృత్రిమ కవాటానికే సూక్ష్మజీవులు పట్టవచ్చు. రెండూ కావాలి, మధ్యన ఒక కాపలాదారు కావాలి. ఆ కాపలా పని చేసేది ఐ.ఎన్.ఆర్. పరీక్ష. 1935లో ఆర్మాండ్ క్విక్ రూపొందించిన ప్రోత్రాంబిన్ పరీక్షను, ఏ ఊళ్ళో చేసినా ఒకే లెక్క వచ్చేలా ప్రపంచ ఆరోగ్య సంస్థ 1983లో సరిదిద్దింది. మామూలు మనిషికి ఆ అంకె ఒకటి చుట్టూ ఉంటుంది. పలచబరిచే మందు వాడేవారికి చాలావరకు 2 నుంచి 3 మధ్య, కొన్ని కవాటాలకు 2.5 నుంచి 3.5 మధ్య ఉంచుతారు. యాంటీబయాటిక్ మొదలుపెట్టిన మూడు నుంచి అయిదు రోజుల్లో ఒకసారి, ఆపిన తరువాత మరొకసారి ఆ అంకె చూపించుకుంటే ఈ వ్యాసంలోని ఆపదల్లో అధికభాగం ముందే కనిపిస్తుంది. చిగుళ్ళనుంచి నెత్తురు, కారణం లేని కమిలిన మచ్చలు, నల్లని విరేచనం, ఎర్రని మూత్రం, భరించలేని తలనొప్పి ఉంటే పరీక్ష కోసం కూడా ఆగకుండా ఆసుపత్రికి పోవాలి.

మంచు తుపానులో వచ్చిన రైతుకు లింక్ ఆనాడు చెప్పగలిగింది ఒక్కటే: పశువులకు ఏమి పెడుతున్నావో చూసుకో. తొమ్మిది దశాబ్దాల పరిశోధన తరువాత మన మందుల దుకాణం బల్ల ముందు అడగవలసిన ప్రశ్న కూడా దాదాపు అదే. "ఇంకేమి మందులు వాడుతున్నారమ్మా?" ఈ నాలుగు మాటలకు ఖర్చు లేదు. అమ్మేవారు అడగకపోతే, కొనేవారే ముందుగా చెప్పాలి. చదివినవారు తమ ఇంట్లోనో, వీధిలోనో ఆ మాత్ర వేసుకునేవారు ఒక్కరుంటే, వారికి ఈ సంగతి చెప్పండి.